ఎడమ చెంప మీద చుక్క

"రెండు కళ్ళూ తెరువు తాతా. ఫొటో పింఛనుకా, సర్కస్‌కా?" అన్నాడు బాబ్జీ.

స్టూలు మీద కూర్చున్న ముసలాయన కుడికన్ను తెరిచాడు. లైటు వెలగగానే అది మళ్ళీ మూసుకుపోయింది.

"అలవాటైపోయింది బాబూ."

బాబ్జీ ఇక బతిమాలలేదు. ఉన్నదున్నట్టే ఫొటో తీసేసి, పేరైనా అడక్కుండా కవరు మీద 'ఒంటికన్ను' అని రాసుకున్నాడు.

అది రెండువేల నాలుగు. వినుకొండలో డిజిటల్ స్టూడియో అంటే తనదేనని బాబ్జీ చెప్పుకునేవాడు. హైదరాబాద్‌లో నలభై రోజుల కోర్సు చేసి వచ్చిన దగ్గర్నుంచి, అంతకుముందు ఫొటోలు తీసినవాళ్ళంతా గుడ్డివాళ్ళని అతని అభిప్రాయం. పెళ్ళికూతురు ఏ రంగుదైనా గోడకు సున్నం కొట్టినట్టు తెల్లగా చేసివ్వడమే అతని విద్య. జనం కూడా అదే అడిగేవాళ్ళు.

ఆ రోజు మాత్రం ఆ విద్య పారడం లేదు.

కంప్యూటర్ తెర మీద ఉన్నది అతని తల్లి మాణిక్యమ్మ. బాబ్జీ ఐదు నెలల బిడ్డగా ఉన్నప్పుడే పోయింది. అమ్మ ముఖమంటే అతనికి ఈ ఒక్క ఫొటోయే.

దూలం కింద ఎత్తున వేలాడేది, ఎప్పుడూ దగ్గరగా చూసింది లేదు. మొన్నటి వానలకి గోడ చెమ్మెక్కి దానికి బూజు పట్టింది. అద్దానికి అతుక్కుపోయిందని అద్దంతోనే స్కాన్ చేశాడు. తర్వాత ఊడదీయబోతే చిరిగి ముక్కలైంది. ఇక మిగిలింది కంప్యూటర్లో ఉన్నదే.

శుక్రవారం కొత్త షాపు ప్రారంభం. గుమ్మానికి ఎదురుగా అమ్మను నిలువెత్తున పెట్టాలని అతని కోరిక.

ముఖం స్పష్టంగా రావాలని షార్పెన్ నొక్కాడు. ముఖంతోపాటు బూజు మచ్చలూ స్పష్టమయ్యాయి. మళ్ళీ నొక్కాడు. మశూచి పోసినట్టయింది.

"ముందు మచ్చలు తీయాల బాబూ. పదును పెట్టేది ఆఖర్న," అని వెనకనుంచి వినిపించింది.

"నువ్వింకా పోలేదా?"

"ఎవరీమె?"

"మా అమ్మ."

ముసలాయన కుడికన్ను మూసి చాలాసేపు చూశాడు.

"బొమ్మంటే చుక్కలేగా. మచ్చ పడిన చుక్కని, దాని చుట్టూ ఉన్న ఎనిమిది చుక్కల్ని చూడు. తొమ్మిదింటినీ నలుపు నుంచి తెలుపు దాకా వరసలో నిలబెట్టు. నడిమిది ఏదో అది మచ్చ చోట పెట్టు."

"అంత తిప్పలెందుకు? అన్నిటికీ కలిపి సగటు తీస్తే పోలా?"

"సగటులో తప్పుడుదాని వాటా కూడా కలుస్తుంది. వరసలో నిలబెడితే అది చివరికి పోతుంది. మనకి దాంతో పని ఉండదు."

"ఏ కాలేజీలో చదివావు తాతా?"

"కాలేజీ ఎక్కడిది? పెన్సిల్‌తో చేసేవాణ్ణి."

బాబ్జీ, ఫొటోల కోసం వచ్చి కూర్చున్న ఇద్దరి వైపు తిరిగాడు.

"విన్నారా, కంప్యూటర్‌కి పెన్సిల్ పాఠం చెబుతున్నాడు."

ఇద్దరూ నవ్వారు. కంప్యూటర్ ఉన్నవాడు నవ్వితే నవ్వాలని వాళ్ళకి తెలుసు.

ముసలాయన తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఆ ఎడమ చెంప మీద చుక్కని ముట్టుకోమాక. అది బూజు కాదు, పుట్టుమచ్చ."

"మా అమ్మ సంగతి నువ్వు నాకు చెబుతున్నావా?"

"బూజుకి అంచు చెదిరి ఉంటుంది. దాని అంచు చూడు, గుండ్రంగా ఉంది. ఇంకోటి బాబూ, మొదటిది అట్టాగే దాచిపెట్టి నకలు మీద పని చెయ్యి."

అంతమంది ముందు బాబ్జీకి ఒళ్ళు మండింది. మౌస్ పట్టుకుని చెంప మీది చుక్కను ఒక్క నొక్కుతో చెరిపేశాడు. నకలూ లేదు, ఏమీ లేదు. పాతదాని మీదే సేవ్ చేశాడు.

తర్వాత కెమెరా తీసి ముసలాయన ఫొటోనూ తుడిచేశాడు.

"నీది కూడా నువ్వే పెన్సిల్‌తో గీసుకో, పో."

ముసలాయన తెర వైపు మరొకసారి చూసి మెట్లు దిగిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగాక బాబ్జీ మెనూలో వెతికాడు. ముసలాయన చెప్పిన పని చేసేది అందులో ఉంది. నొక్కాడు. మిగిలిన మచ్చలు పోయాయి. ఆ ఉపాయం తనదేనని ఆ ఇద్దరికీ చెప్పుకున్నాడు, సిగ్గు లేకుండా.

శుక్రవారం కొబ్బరికాయ కొట్టడానికి మేనత్త సుబ్బరావమ్మ వచ్చింది. తల్లి పోయాక బాబ్జీని పెంచింది ఆవిడే.

నిలువెత్తు ఫొటో ముందు ఆగిపోయింది.

"ఎవర్రా ఈవిడ?"

"అమ్మ, అత్తా."

"మాణిక్యానికి ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉండాల. ఏదిరా?"

"పాత ఫొటోలో అది బూజేమో అనుకున్నా. ఎక్కడుండేదో చెప్పు, మళ్ళీ పెడతా."

"ఎట్టా చెప్పేది? అప్పుడు చూపించినవాళ్ళం తొమ్మిది మందిమి. నేనొక్కదాన్నే మిగిలా. నాకూ సరిగ్గా ఆ చోటు గుర్తు లేదు."

"ఎవరికి చూపించారు?"

"ఆ బొమ్మ చేసినాయనకి. మీ అమ్మ కెమెరా ముందు ఎప్పుడు కూర్చుందిరా? నా పెళ్ళి ఫొటోలో, వెనక వరసలో, మిరపగింజంత ముఖం. అదొక్కటే. దాన్ని పెద్దది చేసి, పెన్సిల్ పట్టుకుని మన అరుగు మీద పదకొండు రోజులు కూర్చున్నాడు. ముక్కెట్టా ఉండేది, కళ్ళెట్టా ఉండేవని అందర్నీ అడిగాడు. తలా ఒకటి చెప్పాం. అన్నీ వరసలో పెట్టుకుని నడిమిది గీశాడు. పుట్టుమచ్చ ఒక్కటే తొమ్మిది మందిమీ ఒకే చోట చూపించాం."

బాబ్జీ ఫొటోలో ఎడమ చెంప మీద వేలు పెట్టాడు.

"ఎవరత్తా ఆయన?"

"అబ్దుల్ ఖాదర్. బిడ్డ పెద్దయ్యాక అమ్మ ఏదని అడుగుతాడు, చూపించడానికి ఒక ముఖం ఉండాలమ్మా అన్నాడు. గీత గీసినప్పుడల్లా వెనక్కి జరిగి ఇట్టా చూసేవాడు," అంటూ సుబ్బరావమ్మ కుడికన్ను మూసి చూపించింది.