రోజారమణి ఆగిన చోట

పిల్లలు పంపిన ఆడియో డైరీలను మధులత టీచర్ ఆ రాత్రి దువ్వాడలోని తన గదిలో ఒంటరిగా వింటోంది. తొమ్మిదో తరగతి రోజారమణికి నత్తి. “రేపు నాను బడికి...” అని మధ్యలో ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఎవరిదో గుసగుస వినిపించింది.

“రాను.”

కాసేపటికి రోజారమణే పూర్తిచేసింది. “వత్తాను.”

మధులత వెంటనే ఫోన్ చేసింది. “నీ పక్కన ఎవరున్నారమ్మా?”

“ఎవరూ లేరు మేడమ్. అమ్మది నైట్ డ్యూటీ.” ఆ పిల్ల ఒక్కో మాటా కూడదీసుకుంది. “ఆ గుసగుస నాకూ ఇనబడతంది. బయమేత్తంది. అయినా డైరీ ఆపను. నా మాట నానే సెప్తాను.”

“చెప్పు తల్లీ. ఎంతసేపైనా ఆగుతాను.”

“రేపు క్లాసులో అందరి ముందూ నాను...”

మాట ఆగింది. మధులత ఫోన్‌ను చెవికి అదుముకుంది. అవతల ఇద్దరు ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది.