పదికి పది

"టక్‌మంది విన్నావా? మళ్లీ ఎముకకే గుచ్చావు" అంది సిస్టర్.

కళ్లజోడు యువకుడు రబ్బరు వీపులోంచి సూది వెనక్కి లాగాడు. నడుములో ఇచ్చే మత్తు సూది నేర్పడానికి చేసిన బొమ్మ అది. రెండు ఎముకల సందులోంచి సరిగ్గా వెళ్తే సూది చివర నీటి చుక్క మెరుస్తుంది. గంట నుంచి గుచ్చుతున్నా అతనికి మెరిసింది మూడుసార్లే.

"ఇంకా ఏడు" అని నిట్టూర్చాడు.

పదిసార్లు చుక్క కనిపిస్తేనే చీటీ మీద సిస్టర్ సంతకం. ఆ చీటీ లేనివాళ్లెవరూ మనిషి ఒంటిమీద సూది పెట్టకూడదని ఈ నెల నుంచే కొత్త నిబంధన. దానికోసం రెండేళ్లు పెద్ద డాక్టర్ల గుమ్మాల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది ఆవిడే. లావుపాటి పుస్తకాలు నమిలి మింగి, సూది చేతికివ్వగానే బిక్కమొహం వేసేవాళ్లని ఇరవై ఏళ్లుగా వార్డుల్లో చూసి చూసి విసిగిపోయింది. బతిమాలినా, ఏడ్చినా తొమ్మిదికి సంతకం పెట్టదు. నెల తిరక్కముందే పిల్లలు ఆవిడకి 'పదికి పది' అని పేరు పెట్టేశారు. ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా ఆవిడకి లోలోపల గర్వంగానే ఉంటుంది.

ఇవాళ మాత్రం మనసు మనసులో లేదు. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న తల్లి పై అంతస్తులో మంచం మీద ఉంది. రేపే ఆపరేషన్. పొద్దుట్నుంచీ ఫోన్ మోగుతూనే ఉంది.

"ఎక్కడున్నావే? నాకు భయంగా ఉంది. వచ్చి కాసేపు కూర్చోవే."

"వచ్చేస్తున్నానమ్మా. ఐదు నిమిషాలు."

ఫోన్ పెట్టేసరికి మళ్లీ టక్.

"ఇన్నాళ్లూ ఏం చేశావయ్యా నువ్వు?" అని విసుక్కుంది.

"నలభైమంది వెనక మునివేళ్ల మీద నిలబడి చూశాను సిస్టర్. మార్కులకేం, బాగానే వచ్చాయి. సూది మాత్రం ఎవరూ చేతికివ్వలేదు. సాయంత్రంలోగా చీటీ ఇవ్వాలి. లేకపోతే రేపు నన్ను లోపలికి రానివ్వరు."

"పరీక్షా?"

"అలాంటిదే" అంటూ సిగ్గుపడ్డట్టు తల దించుకున్నాడు.

ఫోన్ మళ్లీ మోగింది. సిస్టర్ దానికేసి చూసింది, చెమటతో తడిసిన అతని చొక్కాకేసి చూసింది. పాపం అనిపించింది. ఇంకా చదువుకునే కుర్రాడేగా, వీడి చేతికి నిజం మనిషి వీపు దొరికేసరికి ఎన్నేళ్లో, ఈలోగా నేర్చుకోడా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. గబగబా చీటీలో 'పదికి పది' అని రాసి సంతకం గిలికేసింది. పెన్ను మూత పెడుతుంటే ప్రాణం చివుక్కుమంది.

"వచ్చే వారం వచ్చి మిగతా ఏడూ చెయ్యాలి. మాటివ్వు."

"తప్పకుండా సిస్టర్" అని చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర తల్లి ఆవిడ చెయ్యి వదల్లేదు.

"నొప్పి తెలుస్తుందా?"

"నడుములో చిన్న సూదమ్మా. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

స్ట్రెచర్ లోపలికి వెళ్లింది. తలుపులు మూసుకున్నాయి. పైన ఎర్రలైటు వెలిగింది. ఫైలు పట్టుకుని బయట నిలబడ్డ థియేటర్ నర్సుని ఆపింది సిస్టర్.

"మత్తు ఎవరిస్తున్నారు?"

"కొత్తగా చేరిన డాక్టరు. ఇవాళే మొదటి కేసు."

"మొదటిదా? చీటీ చూశారా?"

"చూడకపోతే మీరు ఊరుకుంటారా?" నర్సు నవ్వుతూ ఫైల్లోంచి కాగితం తీసి ముందుకు చాపింది. "ఇదిగో, పదికి పది."

కింద, నిన్న గబగబా గిలికిన ఆవిడ సంతకమే.