మడ్‌గార్డు మీద గీత

“రుద్దుడు వస్తదా?” అని అడిగింది నాగమణమ్మ.

“వస్తది అక్కా.”

“పేరు?”

“అంజన్న.”

బహదూర్‌పురాలో కార్లకు రంగులేసే షెడ్డు ఆమెది. రంగు కొట్టేముందు రేకుల మీద నీళ్లు పోస్తూ గరుకు కాగితంతో నున్నగా రుద్దే మనుషులకు ఎప్పుడూ కరువే. వెంటనే పనిలో పెట్టుకుంది.

మనిషి పనిమంతుడు. మడ్‌గార్డు వంపుల్లో కాగితం చుట్టిన చెక్కముక్క ఆనదు, చేత్తోనే రుద్దాలి. నునుపు వచ్చిందో లేదో అందరూ అరచేత్తో తడిమి చూస్తారు. అతను మాత్రం వంగి, చెంప ఆనించి చూసేవాడు.

“గదేంది?”

అతను అరచేతులు చాపాడు. కాలి ముడుచుకుపోయిన చర్మం. ఒక్క గీతా లేదు.

“వీటికి తెలుస్తలేదక్కా. పాత ముచ్చట.”

ఆమె మరి అడగలేదు.

ఒకనాడు వైకుంఠం అంబాసిడర్ కారు తెచ్చాడు. గౌలిపుర సేటుకు డ్రైవరు. కొన్నేళ్ల కిందట కాలిపోయిన ఆ సేటు షెడ్డులోనే నాగమణమ్మ భర్త దుర్గయ్య పనిచేసేవాడు.

“అరే ఎల్లప్పా! ఎప్పుడు ఇడిసిపెట్టిన్రు భాయ్?” అంటూ వైకుంఠం అంజన్నను కావలించుకున్నాడు.

అంజన్న ‘ఊరుకో’ అన్నట్టు సైగ చేశాడు.

లోపల సొట్టలు పూడ్చే లప్పం కలుపుతున్న నాగమణమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఎల్లప్ప!

దుర్గయ్య ఆ షెడ్డు మంటల్లోనే కాలి చనిపోయాడు. రంగులో కలిపే తిన్నర్ డబ్బాల పక్కన బీడీ ముట్టించింది తనేనని కోర్టులో ఒప్పుకుని జైలుకు పోయినవాడు ఎల్లప్ప. ఆమె అతని మొహం ఎన్నడూ చూడలేదు. ఆ పేరును తిట్టుకోని రోజు మాత్రం లేదు.

వెళ్లగొట్టలేదు. ఉత్తగా వెళ్లగొడితే ఏం తీరుతుంది?

అంబాసిడర్ మడ్‌గార్డు అతనికే అప్పగించింది.

“గరుకున్నది. మళ్ల రుద్దు.”

రుద్దాడు.

“ఇంకా గరుకే.”

మళ్లీ రుద్దాడు. వేళ్ల నెత్తురుకు బకెట్లో నీళ్లు ఎర్రబడ్డాయి.

“నొస్తలేదా?”

“అరచేతులకే తెల్వదక్కా. వేళ్లకు తెలుస్తది.”

ఆ పూట ఆమె కడుపునిండా అన్నం తిన్నది.

అదీ చాలలేదు.

రంగు ఆరిన రోజు, ఎవరూ లేనప్పుడు, మేకు తీసుకుని మడ్‌గార్డు మీద బారెడు గీత గీసింది. తర్వాత వీధిలోకి వచ్చి గొంతెత్తింది.

“జూడున్రి! నా మొగున్ని కాల్చి సంపినోడు, పేరు మార్చుకుని నా షెడ్డుల దూరిండు! ఇప్పుడు సేటు కారు గీరి నా బువ్వ గూడ చెడగొడ్తుండు!”

జనం పోగయ్యారు. ఎవరో చెంప పగలగొట్టారు. ఎవరో చొక్కా చించారు.

అతను చెయ్యెత్తలేదు.

గీతను చూశాడు. ఆమె పిడికిట్లో మేకునూ చూశాడు. ఎవరికీ చెప్పలేదు.

నెత్తురు తుడుచుకుంటూ వీధి మలుపు తిరిగాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

మర్నాడు కారు కోసం వైకుంఠం వచ్చాడు.

“ఎల్లప్ప ఏడి?”

“తన్నిచ్చి తరిమిన. ఇన్నేండ్లకు నా కడుపు సల్లబడ్డది.”

వైకుంఠం వీధి మలుపు వైపు చూశాడు.

“ఎంత పని జేసినవ్ చెల్లె! వాని చేతులెందుకు కాలినయో అడిగినవా? మంటల్లకెల్లి దుర్గయ్యను గుంజుకొచ్చింది వాడే.”

“గుంజుకొస్తే? అగ్గి పెట్టిందెవరు?” అని అరిచింది నాగమణమ్మ.

వైకుంఠం గొంతు తగ్గించాడు.

“పానం పోంగ దుర్గయ్య మా ఇద్దరికే చెప్పిండు చెల్లె, బీడీ ముట్టిచ్చింది తనే అని.”

ఆమె చెయ్యి మడ్‌గార్డు మీది గీతను తడిమింది.

“తప్పు నీ మొగునిదని తెలిస్తే సేటు నీకు నష్టపరిహారం కింద పైస ఇయ్యడని, ఆ బీడీ తనదని కోర్టుల చెప్పి జైలుకు పోయిండు ఎల్లప్ప.”