మొగోడు గుచ్చిన నల్లపూసలు

“పిల్లా, నీ దండలు రెండూ అమ్ముడువోయినయ్! ఇంకో పది గుచ్చి పట్కరా!”

గద్వాల ఫ్యాన్సీ షాపు మణెమ్మ గొంతు సెల్లులోంచి ఖంగుమంది. సింధూజ ఉన్నచోటే ఎగిరి గంతేసింది. పెళ్లయి మూడు నెలలు. పూసలు గుచ్చడం మొదలుపెట్టి మూడు వారాలు. మొదటి దండ మెడలో వేసుకోగానే తెగి పూసలు ఇల్లంతా దొర్లాయి. రెండోది ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. అలాంటిది, ఇప్పుడు తన చేతి దండ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి మెడలో ఉంది! డిగ్రీ పాసైననాడు కూడా ఇంత సంబరం కలగలేదు.

మొగుడికి చెబుదామని లోపలి గదిలోకి పరుగెత్తింది. శ్రవణ్ గబుక్కున దిండు కిందికి ఏదో తోశాడు.

“నా దండలు అమ్ముడువోయినయ్!”

“అవునా? మంచిగైంది,” అన్నాడు. కళ్లు మాత్రం దిండు మీదే ఉన్నాయి.

అతను డ్యూటీకి పోయాక సింధూజ దిండు ఎత్తి చూసింది. ఏమీ లేదు. దుప్పటి మడతలో మాత్రం ఆవగింజంత పూస ఒకటి దొరికింది. నల్లపూస.

తన డబ్బాలో ఎర్రవి ఉన్నాయి, పచ్చవి ఉన్నాయి, ముత్యాల రంగువి ఉన్నాయి. నల్లవి లేవు. మెడ తడిమి చూసుకుంది. తన తాడు గట్టిగానే ఉంది. డబ్బా తెరిస్తే సూది వంగి ఉంది. దారం బారెడు తగ్గింది.

పక్కింటి ఈదమ్మ గోడవతల మిరపకాయలు ఎండబోస్తోంది. మాటవరసకు అడిగినట్టు అడిగింది.

“ఈదమ్మత్తా, ఉట్టిగ ఎవరన్న నల్లపూసలు కొంటరా?”

“ఉట్టిగ ఎందుకు గొంటరే? ఇంట్ల పెండ్లుంటే గొంటరు.” ఈదమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని పకపకా నవ్వింది. “ఏంది, నీ మొగుడు ఇంకోదాన్ని తెస్తుండా?”

సింధూజ కూడా నవ్వింది. ఆ నవ్వు గొంతులోనే ఇరుక్కుంది.

ఆ సాయంత్రం శ్రవణ్ సిగ్నల్ లేదని సెల్లు పట్టుకుని మిద్దెక్కాడు. ధరూర్‌లో సిగ్నల్ సంగతి అందరికీ తెలిసిందే. కానీ కిందికి వినబడకుండా మాట్లాడమని సిగ్నల్ చెప్పదు కదా! మెట్ల మీద నిలబడి చెవి రిక్కించింది.

“శుక్రవారం ఖాయం... లే, సింధుకు ఇంక జెప్పలే. జెప్పనీకి భయమైతుంది... తెలిస్తే ఇంట్ల ఉంటదో, పుట్టింటికి పోతదో...”

మెట్టు మీదే కూలబడింది.

అత్తను అడుగుదామని వంటింట్లోకి వెళ్లింది. పదేళ్ల కింద బోరు మోటారు షాకు కొట్టి మామ పోయాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో తల్లీకొడుకులదే ఒక లోకం. ఆ ఇద్దరి మధ్య గాలి కూడా దూరదు.

“అత్తమ్మా, ఆయన శుక్రవారం ఎటు పోతుండు?”

హన్మమ్మ చేతిలోని రొట్టె పెనం మీద వంకరగా పడింది. “నాకేం ఎరుక బిడ్డా,” అంటూ పొయ్యివైపు తిరిగిపోయింది. కోడలి మొహం చూడలేదు.

అంటే ఈమెకూ తెలుసు!

మంగళ, బుధవారాలు సింధూజ పూసలైతే గుచ్చింది, అన్నమే మింగుడుపడలేదు. మొగుడు పలకరిస్తే ఊ అంది. ట్రంకుపెట్టెలో రెండు చీరలు మడిచి పెట్టుకుంది, విప్పింది, మళ్లీ మడిచింది. అతను శుక్రవారానికి సెలవు పెట్టాడని సీడు కంపెనీలో పనిచేసే మనిషి దారిలో చెప్పాడు. తనతో మాత్రం అనలేదు.

గురువారం దండలు ఇవ్వడానికి గద్వాలకు బయలుదేరింది. సగం దారిలో మనసాగక ఆటో దిగి, ఎదురొచ్చిన ఆటో ఎక్కి ఇంటికి వచ్చేసింది.

గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసింది.

శ్రవణ్ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసి, దారం సూదిలోకి ఎక్కిస్తున్నాడు. ముందర పళ్లెంలో నల్లపూసలు. పక్కనే తమలపాకులో తళతళలాడే రెండు కొత్త పుస్తెలు.

ఆమెను చూసి ఉలిక్కిపడ్డాడు. దారం చివర ముడి వెయ్యలేదు. గుచ్చినవన్నీ అటువైపు నుంచి జలజలా జారిపోయాయి. అంత కోపంలోనూ ఆ ముడి తనే వెయ్యాలని సింధూజ వేళ్లు జిలపెట్టాయి.

“ఎవతె అది?”

“జర మెల్లగ మాట్లాడు.”

“ఎందుకు మెల్లగ మాట్లాడాలె? ఈదమ్మత్త నవ్వులాటకన్నది నిజమే గద! ఎవరి మెడల కడ్తవు గవి?”

“నేనెందుకు కడ్త సింధూ...”

“అబద్ధాలాడకు! పెట్టె సర్దుకున్న. నాకు దారి ఎరుకనే.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

శ్రవణ్ కిందపడ్డ పూసలను ఒక్కొక్కటే ఏరి పళ్లెంలో వేశాడు. లేచి వచ్చి ఆ పళ్లెం ఆమె చేతుల్లో పెట్టాడు.

“మూడు దినాలసంది గుచ్చుతున్న, నాకొస్తలేదు. ముత్తైదువ చెయ్యి పడాలెనంట. నువ్వే గుచ్చియ్యి.”

సింధూజకు కళ్లు బైర్లు కమ్మాయి. తాళి కట్టిన చేతులతోనే ఎంత మాట! “ఇంకొకతె మెడలకు నన్ను గుచ్చుమంటవా?”

అతను తలుపువైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“నీ ముందర సిగ్గైతుందని జెప్పనియ్యలే గని సింధూ, రేపు పొద్దుగాల పది గంటలకు వనపర్తిల మా అమ్మ పెండ్లి.”