ఒక్కరి డేరా

“ఇది పనికి రాదు” అంది జానకీబాయి, మోకాళ్ల మీద పాక్కుంటూ డేరాలోంచి బయటికొచ్చి.

ప్రమోదిని మిగిలిన డేరాలు లెక్కపెట్టుకుంది. బుచ్చిరాములు టార్పాలిన్ల దుకాణంలో ఒక్కరు పట్టే డేరాలు ఉన్నవే నాలుగు. మొదటిది మరీ బరువని అత్తగారు ఇందాకే పక్కన పెట్టేసింది. ఇప్పుడిది రెండోది. రేపు సాయంత్రం రామగుండంలో ఢిల్లీ రైలెక్కాలి. హిమాలయాల్లో మొక్కలు సేకరించే బృందంలో కరీంనగర్ నుంచి తనలాంటి ఒక బోటనీ లెక్చరమ్మకు చోటు దొరకడం మాటలు కాదు. ఎవరి డేరా వాళ్లే తెచ్చుకోవాలి, ఎవరి డేరా వాళ్లే వీపున మోయాలి. అదొక్కటే షరతు.

అది వాళ్ల షరతు. ఇంట్లో షరతు వేరే. భర్త రామకిషన్‌రావు మంచివాడే గాని, కాదనే పని వచ్చినప్పుడల్లా తల్లి మీదికి తోసేస్తాడు. “అవ్వ సరేనంటే నాదేమున్నది” అన్నాడు. జానకీబాయి సరేననలేదు, వద్దనీ అనలేదు. “డేరా నేను సూస్త. నాకు నచ్చితేనే పోవుడు” అంది.

“దీనికేమైంది దొరసానీ? మిలిట్రీ వేలంల తెచ్చిన సామాను” అన్నాడు బుచ్చిరాములు.

“అడుక్కు బట్ట లేదు. వాన కొడితే నీళ్లు పైనుంచి రావు, కిందినుంచి వస్తయి. తేళ్లు, జెర్రులు సుత గట్లనే వస్తయి.”

“కింద పట్ట పరుసుకుంటరు గదమ్మా.”

“పట్ట పరిస్తే పట్ట మీదికి వస్తయి. ఇంకోటి తియ్యి.”

వాళ్ల వెంట వచ్చిన రామకిషన్‌రావు భార్య వైపు వంగి గొణిగాడు. “అవ్వ ఇల్లిడిసి బయట పండుకున్నది ఎన్నడు లేదు. ఆమెకేమెర్క డేరాల సంగతి? నువ్వు పోవుడు ఇష్టం లేక వంకలు వెడ్తున్నది.”

ప్రమోదినికీ అలాగే అనిపిస్తోంది. కానీ మనసు ఒప్పుకోవడం లేదు. కాపురానికొచ్చిన రోజే దొడ్లో పాత గుడిసె ఒకటి పీకించి, ఆ జాగా మొక్కలు పెంచుకొమ్మని ఇచ్చిన మనిషి ఈమె. కోడలు ఎమ్మెస్సీ చదువుతుందంటే చుట్టాలంతా నవ్వినప్పుడు, “సదువనియ్యుండ్రి” అన్న ఒక్క మాటతో అందరి నోళ్లూ మూయించింది. అన్నీ చేసిన మనిషి ఈ ఒక్కటీ వద్దంటే, ఎదురు చెప్పే నోరు ప్రమోదినికి లేదు.

మూడో డేరా నిలబెట్టారు. జానకీబాయి కొంగు నడుముకు దోపుకుని మళ్లీ లోపలికి దూరింది. బజారున పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. రామకిషన్‌రావుకు తల కొట్టేసినట్టయింది. లోపలినుంచి ఎంతసేపటికీ చప్పుడు లేదు.

“అమ్మా, మంచిగున్నరా?” అన్నాడు బుచ్చిరాములు, పరేషానై.

“జర ఆగు.” ఇంకాసేపటికి బయటికొచ్చింది. “దీనికి కిటికీ లేదు.”

“ఒక్కలు పండే డేరాకు కిటికెందుకమ్మా?”

“ఒక్కలే పంటరు గనుకనే గావాలె. ఇద్దరుంటే, చప్పుడైతే ఏందది అని ఒకలినొకలు అడుగుతరు. ఒక్కతే ఉంటే ఎవలనడగాలె? కండ్లతోని సూసుకోవాలె. ఏందో కనవడకుంటెనే భయం.”

బుచ్చిరాములు నిచ్చెన వేశాడు. అటక మీద నుంచి ఆఖరిది దించాడు. సన్నటి నీలం నైలాను బట్ట. మడిస్తే చంకలో పట్టేంత ఉంది. ఇంత పలచటిది ఎవరు కొంటారని అతనే దాన్ని ఇన్నాళ్లూ పైన పడేశాడు.

జానకీబాయి అందులో పడుకుంది. లేచి కూర్చుంది. తల తాకలేదు. అడుగు తడిమింది, కుట్టే ఉంది. లోపలి నుంచి జిప్పు లాగి మూసింది, తీసింది, మళ్లీ మూసింది. తలాపున వలబట్టతో చిన్న జాలీ కిటికీ ఉంటే దానికి కన్ను ఆనించి బజారంతా చూసింది. బయటికొచ్చి చెంబెడు నీళ్లు తెప్పించి పైన పోసి, లోపల చెయ్యి పెట్టి తడి చూసింది. ఆఖరికి డేరా మడిపించి, తన భుజానికే తగిలించుకుని రోడ్డు మలుపు దాకా నడిచి వచ్చింది.

“ఇది కట్టియ్యి.”

“నిజంగనే పంపిస్తవా అవ్వా?” అన్నాడు రామకిషన్‌రావు.

“మరి అలమారల వెట్టుకుంటందుకా?”

ప్రమోదినికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అత్తగారిని అనుమానించినందుకు సిగ్గేసింది. దుకాణం ముందే వంగి కాళ్లకు దండం పెట్టింది. “మీ మేలు మర్వ, అత్తమ్మా.”

“లే బిడ్డా, అందరు సూస్తుండ్రు.”

రామకిషన్‌రావు స్కూటరు మీద ముందు పోయాడు. అత్తాకోడళ్లు రిక్షా ఎక్కారు. జానకీబాయి డేరాను ఒళ్లో పెట్టుకుని, దాని తాడు ముడి విప్పుతూ, మళ్లీ గట్టిగా వేస్తూ కూర్చుంది.

“అత్తమ్మా, గిన్ని సంగతులు మీకెట్ల ఎర్క?” అడిగింది ప్రమోదిని.

“నీ మొగడు నీ చెవుల జెప్పింది ఇన్న. అవ్వ ఎన్నడు బయట పండుకోలేదన్నడు గదా.” జానకీబాయి నవ్వింది. “ఇప్పుడు నీ పూలచెట్లున్న కాడ అప్పుడొక గుడిసె ఉండె, యాదికున్నదా?”

“ఆ. నేనొచ్చిన రోజు పీకిచ్చిండ్రు.”

“నెలనెలా ముట్టయితే మా అత్త నన్ను అండ్లనే పండవెట్టేది. దానికి కిటికీ లేకుండె బిడ్డా.”