పొత్తు బావి

కర్నూలు రాజధాని అయిన ఏడాది. అన్నదమ్ముల పొత్తు బావి అడుగున బండ పగలగొట్టే తూటాకు వత్తి ముట్టించి పుల్లన్న కేకేశాడు. పదేళ్లుగా అతనిమీద పగబట్టిన తమ్ముడు మద్దిలేటి పైనుంచి గిలక మీదుగా వేసిన మోకుతో అన్నను లాగాడు. సగంలో మోకు సర్రున జారి, మళ్లీ బిగుసుకుంది. పుల్లన్న గట్టెక్కగానే కింద బండ పేలింది.

“ఇంతమంది కూలోళ్లుండంగ మోకు నన్నే ఎందుకు పట్టమంటివి? వదిలేసింటే?” అన్నాడు మద్దిలేటి.

“వదలవు. మన పగ ఊరందరికీ తెలుసు. నేను సస్తే నీకు ఉరే. మనిషిని నమ్మకూడదురా, వాని భయాన్ని నమ్మల్ల.”

మద్దిలేటి నెత్తురోడుతున్న అరచేతులు చూపించాడు.

“పైకి చూడు. సగంలోనే గిలక ఇరిగిపాయ. అప్పుడు వదిలేసింటే నన్ను అనేటోడే లేడు.”

పుల్లన్న గొంతు తగ్గింది. “మరి ఎందుకు వదల్లేదు?”

“అది నాకే తెలీదు. అందుకే నిన్ను చూస్తే ఇంకా మండుతాండాది.”