దామోదర్‌రావు సార్ సొంత బొమ్మ

“ముక్కు బాగనే కుదిరింది సార్. నుదురే జర ఎక్కువైంది” అంది మహిమ.

దామోదర్‌రావు కుంచె పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసి, తన బొమ్మను తనే చూసుకున్నాడు. కాన్వాస్ మీద సూటు, టై, నల్లరంగు వేసిన మీసం, బంగారు అంచు కళ్లద్దాలు. డెబ్బై రెండేళ్ల మనిషి యాభై ఏళ్లవాడిలా నవ్వుతున్నాడు.

“నుదురు పెద్దగుంటే తెలివి అంటరు గద, మహిమా?”

“తెలివిని మనం చూపెట్టొద్దు సార్. చూసేటోళ్లే పట్టుకోవాలె.”

ఆ మాట ఆయనకు తెగ నచ్చింది. నుదురు సగానికి తగ్గించాడు.

కాగజ్‌నగర్‌లోని ఆ ప్రైవేటు బడికి యాభై ఏళ్లు నిండుతున్నాయి. స్థలం ఇచ్చింది దామోదర్‌రావు తండ్రి, ముప్ఫై ఏళ్లు డ్రాయింగ్ చెప్పింది దామోదర్‌రావు. అందుకని హాల్లో, తలుపు తీయగానే కనబడే గోడకు, తన బొమ్మ తనే గీసి పెట్టుకుంటున్నాడు. బడి కమిటీ ఒక్కటే మాట అడిగింది. ఆ బడిలోనే చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో బొమ్మల కాలేజీలో పాఠాలు చెబుతున్న మహిమ చూసి, లోపాలుంటే చెప్పాలి. ఆమె ప్రతి ఆదివారం తల్లి దెబోరాను చూడ్డానికి ఎలాగూ వస్తుంది. చర్చి అయిపోగానే సార్ ఇంటికి పోతోంది.

ఆ బడిలో గంట కొట్టింది మహిమ తండ్రి బక్కయ్య. ఇరవై రెండేళ్లు కొట్టాడు. ఆమె ఏడో తరగతిలో ఉండగా డ్రాయింగ్ గదిలో రంగుల పెట్టె మాయమైంది. “వాని బిడ్డకే గద బొమ్మల పిచ్చి, ఇంకెవడు తీస్తడు?” అని దామోదర్‌రావు బడి పిల్లలందరి ముందూ బక్కయ్యను నిలబెట్టాడు. యూనిఫాం చొక్కా అక్కడే విప్పించి, బనీను మీద ఇంటికి పంపాడు. ఆ వరుసల్లో మహిమ కూడా ఉంది. నెల తర్వాత పెట్టె బీరువా వెనక దొరికింది. బక్కయ్యను మాత్రం ఎవరూ తిరిగి పిలవలేదు. టింబర్ డిపోలో దుంగలు మోసి మోసి, దొంగ అన్న పేరుతోనే ఆయన కన్నుమూశాడు.

మొదటి ఆదివారమే ఆమె అడిగింది. “మా బాపు యాదికున్నడా సార్?”

“గంట బక్కయ్యనా? పేరు యాదికుంది. ముఖమే యాదికొస్తలేదు. ఎందరొచ్చిండ్రు, ఎందరు పోయిండ్రు” అన్నాడు దామోదర్‌రావు చాయ్ ఊదుకుంటూ.

ఆ గోడ మీద ఈయన ముఖం ఉండకూడదని మహిమ అప్పుడే తేల్చుకుంది.

రెండో ఆదివారం సూటు పోయింది. “సూటు మనిషిని కప్పేస్తుంది సార్. నూలు చొక్కా వేయుండ్రి” అంది. మూడో ఆదివారం మీసం తెల్లబడింది, కళ్లద్దాలు పోయాయి. నాలుగో ఆదివారం దవడలు లోపలికి పోయాయి, కనుబొమలు కలిశాయి, చెవులు పక్కకు జరిగాయి. “కింది పెదవి ఇంకింత లావు సార్. ఆఁ, గంతే. కండ్ల కింద ఒక గీత. ఎడమ కన్ను జర చిన్నగ.” ఆమె ఒక్కసారి కూడా కుంచె ముట్టలేదు. ప్రతి గీతా ఆయన చేత్తోనే పడింది.

చాయ్ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన ఆయన భార్య ఇందిరాదేవి బొమ్మ ముందు ఆగిపోయింది.

“గిది మీరేనా? నాకైతే పరాయి మనిషి లెక్క కనబడుతుండు.”

“నలభై ఏండ్లు సంసారం జేసినవ్, నా లోపలి మనిషిని ఏనాడన్న చూసినవా?” అని ఆయన కసురుకున్నాడు. ఆమె లోపలికి పోయాక మాత్రం గొంతు తగ్గించాడు. “నా పోలిక పోలేదు గదా మహిమా?”

“పోలిక కావాల్నంటే ఫొటో పెట్టుకోవచ్చు సార్. పెద్ద పెద్ద ఆర్టిస్టులు గట్ల గీసుకోరు.”

“గదీ నిజమే. కానీ గీ కండ్లు యాడనో చూసినట్టున్నది.”

“అద్దంల చూసుంటరు సార్” అంది మహిమ నవ్వకుండా.

ఆయన తృప్తిగా తల ఊపి, బొమ్మ కింద మూలన సంతకం పెట్టేశాడు.

ఆ సాయంత్రం దెబోరా మహిమ ముందు అన్నం కంచం ఠక్కున పెట్టింది. “మీ బాపును బజార్ల పడేసినోనికి బొమ్మ నేర్పిస్తున్నవట. చర్చిల అందరు అంటుండ్రు. వాణ్ని క్షమించినవా?”

“క్షమించలే అవ్వా.”

“మరి?”

“ఆయన బొమ్మల ఆయన మిగలకుంట చేస్తున్న.”

దెబోరాకు ఆ మాట అర్థం కాలేదు. అయినా కూతురి కళ్లు చూసి, కంచాన్ని ఆమె దగ్గరికి జరిపింది.

బడి పండగ నాడు హాలు కిక్కిరిసింది. మొదటి బ్యాచ్ నుంచి పోయినేడు పిల్లల దాకా వచ్చారు. దామోదర్‌రావు పట్టు లాల్చీ వేసుకుని, తెర తాడు ఎవరికీ ఇవ్వకుండా తనే లాగాడు.

చప్పట్లు మొదలై మధ్యలో ఆగిపోయాయి. ముందు వరుసల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక ఒకావిడ లేచి నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంతమంది చప్పట్లు కూడా మరిచి చూస్తుండిపోవడం దామోదర్‌రావుకు మహా గొప్పగా అనిపించింది. మైకు దగ్గరికి తీసుకున్నాడు.

“ప్రతి గీత నా చేత్తోని నేనే గీసిన. ఎట్లున్నది? మొహమాటపడకుంట చెప్పుండ్రి.”

మొదటి బ్యాచ్‌లో చదివిన కిరాణా కొట్టు కొమురెల్లి లేచి, చేతులు జోడించి, బొమ్మకు దండం పెట్టాడు.

“అచ్చం మన గంట బక్కయ్యే సార్.”